ఒక్కటే ప్రార్థన... ఓట్లు మాత్రం వేర్వేరు

కురుక్షేత్రంలో శంఖాలు మ్రోగబోతున్న వేళ యాదవులు ఏ పక్షాన నిలిచారో ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. శ్రీకృష్ణ పరమాత్మ ఆయుధం పట్టనని పలికి పార్థునికి సారథి అయ్యాడు. ఆయన నారాయణ సేన దుర్యోధనుని కొలువులో చేరింది. సాత్యకి పాండవుల కోసం విల్లు ఎక్కుపెట్టాడు. కృతవర్మ కౌరవుల కోసం కత్తి దూశాడు. అన్నగారైన బలరాముడు ఇరుపక్షాలూ తనవారేనని భావించి, మనసు కష్టపెట్టుకుని తీర్థయాత్రకు వెళ్లిపోయాడు. వంశం ఒక్కటే, ఆచారం ఒక్కటే, ఆరాధన ఒక్కటే. ధర్మసంకటం ఎదురైన నాడు మాత్రం ఎవరి అంతరాత్మ చూపిన దారి వారిది అయింది.

ఈ కథను మనం పిల్లలకు చెబుతాం, ప్రవచనాల్లో వింటాం, తలూపుతాం. కానీ ఎన్నికలు వచ్చేసరికి పొరుగువారి విషయంలో దీన్ని మరచిపోతాం. ‘వాళ్లంతా చర్చిలో ఫాదర్ చెప్పినట్టే ఓటు వేస్తారట’ అని ఒక్క మాటలో తేల్చివేస్తాం. మన ఇంట్లో తండ్రిది ఒక పార్టీ, కొడుకుది మరొక పార్టీ. ఇద్దరూ ఒకే వేంకటేశ్వరుని పటం ముందు దీపం పెడతారు. అందులో మనకు వింత కనిపించదు. మరి పక్క ఇంటి క్రైస్తవ కుటుంబం మాత్రం ఒకే ముద్దగా, ఒకే ఓటుగా ఎందుకు కనిపిస్తున్నది? ఈ ఆదివారం ఆ ప్రశ్నను మీతో కలిసి విచారించుకుందాం. ఈ విచారణ చివరికి మన గుడి గడప దగ్గరకే వచ్చి నిలుస్తుంది.

లింగంపల్లిలో ఒక ఆదివారం

పేరులోనే లింగాన్ని నిలుపుకొన్న ఊరు శేరిలింగంపల్లి. 1998 నవంబరులో నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తరువాత ఈ ప్రాంతం రూపురేఖలే మారిపోయాయి. రాళ్ల గుట్టల నడుమ అద్దాల మేడలు లేచాయి. గుంటూరు, ఒంగోలు, మెదక్, కడపల నుంచే కాక కేరళ, గోవా, ఈశాన్య రాష్ట్రాల నుంచి కూడా ఉద్యోగం వెతుక్కుంటూ యువత వచ్చి చేరింది. 2007లో ఈ పురపాలక సంఘం హైదరాబాదు మహానగరపాలక సంస్థలో కలిసింది. శాసనసభ నియోజకవర్గంగా 2009లో తొలి ఎన్నిక చూసింది. నేడు ఓటర్ల సంఖ్యలో తెలంగాణలోకెల్లా పెద్ద నియోజకవర్గం ఇదే. 2023 నాటికి ఇక్కడి ఓటర్లు సుమారు ఏడు లక్షల మంది. వారిలో దాదాపు సగం మంది ఆ ఎన్నికలో పోలింగు కేంద్రం వైపు వెళ్లనే లేదు.

ఆదివారం ఉదయం ఈ వీధుల్లో నడిచి చూడండి. చందానగర్‌లో వేంకటేశ్వరుని దర్శనానికి కుటుంబాలు వెళుతుంటాయి. అదే వేళకు మియాపూర్ వైపు చేత బైబిలు పట్టుకుని వేలాది మంది సాగుతుంటారు. ఆ జనంలో గుంటూరు లూథరన్ ఉండవచ్చు, ఒంగోలు బాప్టిస్టు ఉండవచ్చు, మెదక్ సీఎస్ఐ కుటుంబం ఉండవచ్చు. కేరళ నుంచి వచ్చిన సిరియన్ కాథలిక్కు, నాగాలాండ్ నుంచి వచ్చిన యువతి, గోవా యువకుడు మరో ప్రార్థనా మందిరానికి దారి పట్టి ఉండవచ్చు. ఒక్కొక్కరి వెనుక ఒక్కొక్క రాజకీయ చరిత్ర ఉంది. ఆ చరిత్రలను విడివిడిగా చూస్తే ‘వాళ్లంతా ఒక్కటే’ అన్న మాట ఎంత తొందరపాటో తెలుస్తుంది.

నాణెం మీద ఎవరి ముఖం?

మొదట వారి గ్రంథంలోకే తొంగి చూద్దాం. రోము చక్రవర్తికి పన్ను కట్టవచ్చునా, కూడదా అని కొందరు ఏసుక్రీస్తును ఇరకాటంలో పెట్టబోయారు. కట్టమంటే స్వజనం ద్రోహి అంటారు, వద్దంటే ప్రభుత్వం ద్రోహి అంటుంది. ఆయన ఒక నాణెం తెప్పించి, దాని మీద ఎవరి బొమ్మ ఉందని అడిగాడు. చక్రవర్తిది అన్నారు. అయితే చక్రవర్తికి చెందవలసింది ఆయనకు, దేవునికి చెందవలసింది దేవునికి ఇవ్వండి అన్నది ఆయన సమాధానంలోని భావం. ఏది ఎవరికి చెందుతుందో నిర్ణయించుకునే బాధ్యత మాత్రం వినేవాడి మీదనే ఉంచాడు. రెండు వేల ఏళ్లుగా క్రైస్తవులు ఆ లెక్క తేల్చుకుంటూనే ఉన్నారు.

మరొక విశేషం వినండి. ఆయన పన్నెండు మంది శిష్యులలో మత్తయి సుంకం వసూలు చేసినవాడు. అంటే రోము పాలన కింద బతికిన ఉద్యోగి. మరొక శిష్యుడైన సీమోనుకు ‘జెలోతు’ అనే పేరు ఉంది. ఆ పదం తరువాతి కాలంలో రోము పాలన మీద తిరగబడిన వర్గానికి పేరుగా నిలిచింది. ఇటువంటి ఇద్దరు ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేశారు.

ఆ గ్రంథంలోనే ఒకచోట పాలకులకు లోబడి ఉండమన్న ఉపదేశం ఉంది. మరొకచోట మనుషుల ఆజ్ఞ కంటే దైవాజ్ఞకే విధేయులమని శిష్యులు అధికారుల ఎదుట నిలబడి చెప్పిన ఘట్టం ఉంది. మొదటిదాన్ని పట్టుకున్నవారు రాజభక్తులయ్యారు, రెండవదాన్ని పట్టుకున్నవారు ఉద్యమకారులయ్యారు. అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ బాప్టిస్టు బోధకుడు. నల్లవారికి సమాన హక్కులు కోరి 1963లో బర్మింగ్‌హామ్ జైలుకు వెళ్లాడు. అక్కడి నుంచి ఆయన రాసిన ప్రసిద్ధ లేఖ తన ఉద్యమాన్ని తప్పుపట్టిన ఎనిమిది మంది శ్వేతజాతి మతగురువులకు జవాబు. ఆ ఎనిమిది మందిలో ఏడుగురు క్రైస్తవులే. ఇరువైపులా చదివిన గ్రంథం ఒక్కటే.

మన శాస్త్రాలకూ ఇదే వర్తిస్తుంది. భీష్ముడు సింహాసనానికి కట్టుబడ్డాడు. విదురుడు సభలోనే ఉండి హితవు పలికాడు. విభీషణుడు అన్నను విడిచి వెళ్లాడు. కుంభకర్ణుడు అన్నది తప్పని చెప్పి కూడా అన్న కోసమే ప్రాణం ఇచ్చాడు. ధర్మం ఒక్కటే అయినా దానిని ఆచరణలో పెట్టేవాడి స్థితిని బట్టి నడిచే దారి మారుతూ వచ్చింది.

లండన్ సమావేశం నుంచి రాజ్యాంగ సభ దాకా

స్వాతంత్ర్యానికి పూర్వం ఈ దేశ క్రైస్తవుల ముందుకు ఒక పెద్ద ప్రశ్న వచ్చింది. చట్టసభల్లో తమకు ప్రత్యేక నియోజకవర్గాలు కావాలా? అంటే క్రైస్తవ ప్రతినిధిని క్రైస్తవులే ఎన్నుకునే పద్ధతి కావాలా? లండన్‌లో జరిగిన రౌండ్ టేబుల్ సమావేశాల్లో వారి ప్రతినిధులే రెండుగా చీలిపోయారు. ప్రొటెస్టెంటు నాయకుడు కె.టి.పాల్ ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. తరువాత వచ్చిన ఎస్.కె.దత్తా కూడా అదే మాట మీద నిలిచారు. మద్రాసు రాష్ట్రానికి చెందిన కాథలిక్కు నాయకుడు, జస్టిస్ పార్టీకి చెందిన ఎ.టి.పన్నీర్‌సెల్వం మాత్రం ప్రత్యేక ప్రాతినిధ్యం కోరే మైనారిటీల ఒప్పందంపై 1931లో సంతకం చేశారు.

ఈ వివాదంలో మన తెలుగునేల నుంచి వినిపించిన గొంతు ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. అది దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యది. ఆయన తమిళుడు. 1912 డిసెంబరులో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యి, 1945 జనవరిలో కన్నుమూసే దాకా తెలుగు పల్లెల్లోనే గడిపారు. మత మార్పిడుల విషయంలో గాంధీజీకీ ఆయనకూ పొసగలేదు. గాంధీజీ వాటిని తప్పుపట్టారు, అజరయ్య సమర్థించుకున్నారు. ప్రత్యేక నియోజకవర్గాల విషయంలో మాత్రం అదే అజరయ్య గాంధీజీ కోరుకున్న వైపే నిలిచారు. చర్చి ఒక ఆధ్యాత్మిక కుటుంబమే తప్ప రాజకీయ వాటా అడిగే కులం కారాదన్నది ఆయన వాదన. మత విషయంలో ఎంతో పట్టుదల గల మనిషే, ఆ మతాన్ని ఓటుగా మార్చవద్దని అడ్డుపడ్డాడన్న మాట.

ఆయన మాట నెగ్గలేదు. 1935 చట్టం కింద మద్రాసు శాసనసభలోని 215 స్థానాల్లో 8 భారతీయ క్రైస్తవులకు ప్రత్యేకించారు. కానీ కథ అక్కడితో ముగియలేదు. రాజ్యాంగ సభ ఉపాధ్యక్షుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ బెంగాలీ క్రైస్తవుడు. అల్పసంఖ్యాకుల ఉపసంఘానికి ఆయనే అధ్యక్షుడు. మతం ప్రాతిపదికన చట్టసభల్లో స్థానాలు కేటాయించే పద్ధతిని 1949లో రద్దు చేసినప్పుడు దాన్ని బలపరచిన వారిలో ఆయన ముందున్నారు. జెస్యూట్ పాద్రీ జెరోమ్ డిసౌజా కూడా ఆ నిర్ణయాన్ని స్వాగతించారు. ఇక స్వమతాన్ని ప్రచారం చేసుకునే హక్కు రాజ్యాంగంలో ఉండాలా అన్న చర్చ 1948 డిసెంబరులో వచ్చినప్పుడు, ఉండాలని వాదించిన వారిలో కె.ఎం.మున్షీ, టి.టి.కృష్ణమాచారి ఉన్నారు. ఇద్దరూ హిందువులే. ఎవరు ఏ మతంలో పుట్టారన్నది చూసి ఎవరు ఏ వాదం చేస్తారో చెప్పడం ఆనాడు కూడా సాధ్యం కాలేదు.

సిలువ కింద కూడా కులం నీడ

మన ఊళ్ల సంగతికి వద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. దేశం మొత్తంలో 2.3 శాతం. తెలుగునాట ఆ మతం వేళ్లూనింది ప్రధానంగా మాల, మాదిగ పల్లెల్లో. జాన్ హేయర్ 1842లో గుంటూరు వచ్చి లూథరన్ మిషన్‌కు పునాది వేశారు. అది ఎక్కువగా మాలల మధ్య వ్యాపించింది. ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ నడిపిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఎక్కువగా మాదిగల మధ్య వ్యాపించింది. 1878 జులైలో ఒక్కరోజే అక్కడ 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని చరిత్ర. మనం ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. గుడి గడప దాటనివ్వని పల్లెలు, బావిలో నీరు తోడనివ్వని ఊళ్లు లేకపోతే ఆ సంఖ్య అంత పెద్దది అయ్యేదా? ఆత్మశోధన భక్తికి తొలి మెట్టు కనుక ఈ ప్రశ్న మనం వేసుకోక తప్పదు.

ఆ బాధను కవిత్వంగా మలచినవాడు గుర్రం జాషువా. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. ఆయన ‘గబ్బిలం’ కావ్యంలో అంటరానివాడు తన మొర ఎవరికి పంపుకున్నాడో మీకు తెలుసు. కాశీలోని విశ్వనాథునికి! మనిషికి లేని ఆలయ ప్రవేశం గబ్బిలానికి ఉంది కనుక దానినే దూతగా ఎంచుకున్నాడు. హిందూ ఇతివృత్తాలు రాస్తున్నాడని కొందరు క్రైస్తవ పెద్దలు ఆయన మీద కోపగించారు. కులం పేరుతో కొందరు హిందూ పండితులు అవమానించారు. ఆ తండ్రి కూతురు హేమలత, నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణంను పెళ్లాడి సంఘసేవలో జీవితం గడిపారు. ఒక్క ఇంటిలోనే ఇంత వైవిధ్యం ఉంటే ఒక సమాజమంతటికీ ఒకే రంగు పూయడం ఎలా?

రాజకీయంగా కూడా ఆ కులం గీత చెరిగిపోలేదు. షెడ్యూల్డు కులాల వర్గీకరణపై సాగిన సుదీర్ఘ పోరాటంలో మాల, మాదిగలు చెరో వైపు నిలిచారు. ఆదివారం ఒకే దేవుణ్ణి కొలిచే మాల క్రైస్తవుడు, మాదిగ క్రైస్తవుడు సోమవారం ఎదురెదురు ఊరేగింపుల్లో కనిపించారు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు అనుమతించింది. తెలంగాణ 2025లో అమలులోకి తెచ్చింది. ఈ పోరాటంలో మతం కంటే కులమే బలమైనదిగా తేలింది.

1950 ఆగస్టులో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే షెడ్యూల్డు కులాల హోదా. ఆ తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు. మతం మారి క్రైస్తవులైన దళితులు మన రాష్ట్రాల్లో బీసీ-సి వర్గంలో ఉన్నారు. వారికి కేటాయింపు ఒక శాతం. దీనివల్ల ఎందరో ఆదివారం ఒక పేరుతో, ధ్రువపత్రంలో మరొక పేరుతో బతుకుతున్నారని మీరు వినే ఉంటారు. అది మోసమని కొందరు, నిస్సహాయత అని కొందరు అంటారు. వీరికి ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించింది. అలా ఇస్తే తమ వాటా తరుగుతుందని హిందూ దళిత సంఘాలు కొన్ని వ్యతిరేకించాయి. కేంద్రం 2022 అక్టోబరులో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి.బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక కమిషన్‌ను నియమించింది. ఇరుపక్షాల వాదనలోనూ బరువు ఉంది. మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు. అది పక్కింటివారి మీద కోపంగా మారకుండా చట్టం దగ్గర వాదనగా నిలిస్తే చాలు.

ఒక ఇల్లు, రెండు జెండాలు

తెలుగునాట క్రైస్తవ విశ్వాసం గల ప్రముఖ రాజకీయ కుటుంబం అనగానే అందరికీ స్ఫురించేది వై.ఎస్.రాజశేఖరరెడ్డి గారి కుటుంబం. 2004 నుంచి 2009 సెప్టెంబరు 2న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించేదాకా ఆయన ముఖ్యమంత్రి. ఆయన ప్రభుత్వం 2008లో జెరూసలేం యాత్రకు ఆర్థిక సహాయం ప్రవేశపెట్టినప్పుడు హిందూ సంస్థలు ఆక్షేపించాయి. తిరుమలలో అన్యమత ప్రచారం సాగుతున్నదన్న ఆందోళన కూడా ఆ కాలంలోనే తీవ్రమయింది. మీలో చాలామందికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. అయితే ఆరాధనా స్థలాల్లో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ 2007లో ఆర్డినెన్సు తెచ్చి, తిరుమల ఏడుకొండలకు దానిని వర్తింపజేసింది కూడా ఆయన ప్రభుత్వమే. ఈ రెండు వాస్తవాలనూ పక్కపక్కన పెట్టి చూడడం న్యాయం. పాలకుని వ్యక్తిగత విశ్వాసాన్ని బట్టి ఆయన ప్రతి నిర్ణయాన్నీ ముందుగా ఊహించలేం.

ఆ కుటుంబమే తరువాత రెండు జెండాల కింద నిలిచింది. కుమారుడు జగన్మోహన్ రెడ్డి 2011లో సొంత పార్టీ పెట్టి, 2019 నుంచి 2024 దాకా ముఖ్యమంత్రిగా ఉన్నారు. కుమార్తె షర్మిల 2021లో తెలంగాణలో వేరే పార్టీ స్థాపించి, 2024 జనవరిలో దానిని కాంగ్రెసులో కలిపారు. ఆ ఏడాది ఎన్నికల్లో కడప లోక్‌సభ స్థానంలో అన్న పార్టీ మీదనే పోటీ చేసి ఓడిపోయారు. తల్లి విజయమ్మ కుమార్తెను గెలిపించాలని కోరుతూ వీడియో సందేశం విడుదల చేశారు. బైబిలు ఒక్కటే, ప్రార్థన ఒక్కటే, తండ్రి సమాధి వద్ద వంచిన తలలూ అవే. ఓటు మాత్రం రెండు దారుల్లో నడిచింది.

క్రైస్తవులంతా మతం చూసే ఓటు వేస్తారన్న మాటకు మరో నిదర్శనం కూడా ఎదురుగా నిలుస్తుంది. ప్రపంచమంతా తిరిగి సువార్త సభలు నడిపిన కె.ఎ.పాల్ ప్రజాశాంతి పార్టీ పెట్టి పలుమార్లు ఎన్నికల బరిలో దిగారు. 2022 మునుగోడు ఉప ఎన్నికలో ఆయనకు వెయ్యి ఓట్లు కూడా దక్కలేదు. బోధకుని ప్రసంగం వినడానికి వచ్చే జనం వేరు, బోధకునికి ఓటు వేసే జనం వేరు.

కేరళ, నాగాలాండ్, గోవా

శేరిలింగంపల్లికి వచ్చి చేరిన ఆ మిగిలిన యువత వెనుక ఉన్న చరిత్ర కూడా చూద్దాం. కేరళలో 1957లో కమ్యూనిస్టు ప్రభుత్వం ఏర్పడినప్పుడు కాథలిక్కు సంఘం దానిని తీవ్రంగా వ్యతిరేకించింది. చర్చి పాఠశాలల స్వేచ్ఛను హరిస్తున్నదని వారు ధ్వజమెత్తిన విద్యా బిల్లును ప్రవేశపెట్టిన మంత్రి జోసెఫ్ ముండశ్శేరి. ఆయన పుట్టుకతో కాథలిక్కు! ఆ ప్రభుత్వాన్ని దించడానికి చర్చితో చేయి కలిపింది మన్నత్తు పద్మనాభన్ నాయకత్వంలోని నాయర్ సేవా సంఘం. అది హిందువుల సంఘం. 1959 జులై 31న కేంద్రం ఆ ప్రభుత్వాన్ని రద్దు చేసింది.

అదే కేరళలో కాథలిక్కు కుటుంబంలో పుట్టిన ఎ.కె.ఆంటోనీ కాంగ్రెసు నాయకుడిగా దేశ రక్షణ మంత్రి అయ్యారు. ఆయన కుమారుడు అనిల్ 2023లో భారతీయ జనతా పార్టీలో చేరి, 2024లో లోక్‌సభకు పోటీ చేశారు. కుమారుడు ఓడిపోవాలని తండ్రి బహిరంగంగా కోరుకున్నారు. ఆ ఏడాదే కేంద్ర మంత్రివర్గంలో భాజపా తరఫున చేరిన జార్జ్ కురియన్ కూడా కేరళ క్రైస్తవుడే. అంతకు చాలా ముందే, పాద్రీ కావాలని సెమినరీలో చేరి, అది విడిచి సోషలిస్టు అయిన మంగళూరు కాథలిక్కు జార్జ్ ఫెర్నాండెజ్, వాజ్‌పేయి ప్రభుత్వంలో రక్షణ మంత్రిగా పనిచేశారు.

నాగాలాండ్‌లో జనాభాలో దాదాపు 88 శాతం క్రైస్తవులు. 2018 ఎన్నికలకు ముందు అక్కడి బాప్టిస్టు సంఘాల మండలి భాజపాకు వ్యతిరేకంగా హెచ్చరిక చేసింది. అయినా ఆ పార్టీ 12 స్థానాలు గెలిచి ప్రభుత్వంలో భాగస్వామి అయింది. 2023లో మళ్లీ 12 గెలిచింది. 2012లో గోవాలో అదే పార్టీ టికెట్టు మీద పలువురు కాథలిక్కులు శాసనసభకు ఎన్నికయ్యారు. బోధకుడు చెప్పినంత మాత్రాన ఓటరు తల వంచుతాడన్నది ఎంత అపోహో దీన్ని బట్టి గ్రహించవచ్చు. రహదారి, ఉద్యోగం, స్థానిక అభ్యర్థి, తెగ, కులం, నమ్మకం అన్నీ కలిసి ఆ వేలిని మీట మీద నిలుపుతాయి.

చట్టం ఏమంటున్నది?

• 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) ప్రకారం మతం, కులం, జాతి, సముదాయం, భాష పేరుతో ఓటు అడగడం అవినీతి చర్య. అది రుజువైతే ఎన్నిక రద్దు కావచ్చు.

• 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 మెజారిటీతో దీనిని మరింత విస్తృతం చేసింది. అభ్యర్థి మతమే కాక, ఓటరు మతం పేరు చెప్పి ఓటు అడిగినా అది తప్పే.

• 1988 నాటి మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం గుడి, మసీదు, చర్చి, గురుద్వారాల ప్రాంగణాలను రాజకీయ కార్యకలాపాలకు వాడరాదని శాసించింది.

• ఎన్నికల ప్రవర్తనా నియమావళి కూడా ఆరాధనా స్థలాలను ప్రచార వేదికలుగా మార్చరాదంటున్నది.

కాథలిక్కు సంఘం తన సొంత ధర్మశాసనంలో ఇంకొక కట్టుబాటు పెట్టుకుంది. పాద్రీలు పాలనాధికారంతో కూడిన పదవులు స్వీకరించరాదని 1983 నాటి ఆ శాసనం నిషేధించింది. పీఠానికీ పదవికీ మధ్య గీత ఉండాలన్న ఆలోచన వారిలోనూ ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది.

మన గడప దగ్గరకు

పాఠకులారా! ఇంతదాకా పొరుగువారి గురించి చెప్పుకున్నాం. ఇప్పుడు అద్దం మన వైపు తిప్పుకుందాం. చట్టం చర్చికి చెప్పిన మాటే గుడికీ చెప్పింది. ఎన్నికల వేళ మన ఆలయ కమిటీ సభ్యులు ఉత్సవ వేదిక మీద ఒక అభ్యర్థిని కూర్చోబెట్టి శాలువా కప్పితే మనం ఏమనుకుంటున్నాం? ప్రవచనం నడుమ ఒక పార్టీ పేరు దొర్లితే మన మనసు ఎలా స్పందిస్తున్నది? మనకు నచ్చిన పార్టీ అయితే భక్తి అనీ, నచ్చని పార్టీ అయితే రాజకీయం అనీ పేరు మారుస్తున్నామా? ఆదివారం ప్రార్థనలో బోధకుడు ఓటు మాట ఎత్తడం తప్పయితే, శనివారం భజనలో మన పెద్దలు ఎత్తడం ఒప్పు కాజాలదు.

మరి విశ్వాసానికి రాజకీయాల్లో చోటే లేదా? ఉంది. దాహంతో ఉన్నవాడికి నీరు ఇవ్వాలన్న ధర్మం చలివేంద్రం పెట్టిస్తుంది, చెరువును కబ్జా చేసినవాణ్ణి నిలదీయిస్తుంది. గచ్చిబౌలి, కొండాపూర్ పరిసరాల్లో చెరువులు, బండరాళ్ల గుట్టలు ఎలా కరిగిపోయాయో ఇక్కడ నివసించే మీకు ఒకరు చెప్పనక్కరలేదు. లంచం పుచ్చుకోవడం పాపమని నమ్మేవాడు లంచగొండికి ఓటు వేయకూడదు. అన్నదానం పుణ్యమని నమ్మేవాడు ఆకలి గురించి మాట్లాడే నాయకుని మాట చెవిన పెట్టాలి. విశ్వాసం మనిషి అంతరాత్మను మేల్కొలిపినంత వరకు అది ధర్మం. ఎదుటివాణ్ణి ద్వేషించడానికి జెండా కర్రగా మారిన క్షణం నుంచి అది రాజకీయం మాత్రమే.

భారతంలో శాంతిపర్వం గుర్తుందా? అంపశయ్య మీద నుంచి భీష్ముడు ధర్మరాజుకు రాజధర్మం ఉపదేశించాడు. ప్రజలను తన బిడ్డల వలె చూసుకోమన్నదే ఆ ఉపదేశానికి సారం. ఆ ప్రజలలో ఎవరు ఏ దేవుణ్ణి కొలుస్తారో లెక్క తీయమని ఆయన చెప్పలేదు. యుద్ధం ముగిసిన తరువాత యుధిష్ఠిరుడు కౌరవుల కోసం పోరాడి మరణించినవారికి కూడా ఉత్తరక్రియలు జరిపించాడు. పోరు ముగిశాక పక్షాలు ఉండకూడదన్నది మన ఇతిహాసం నేర్పిన మర్యాద.

శేరిలింగంపల్లిలో 2009లో కాంగ్రెసు గెలిచింది, 2014లో తెలుగుదేశం గెలిచింది, 2018లో తెరాస, 2023లో అదే పార్టీ భారాస పేరుతో గెలిచాయి. ఈ గెలుపోటములన్నిటిలోనూ హిందువుల ఓట్లు అటూ ఇటూ ఉన్నాయి, క్రైస్తవుల ఓట్లు అటూ ఇటూ ఉన్నాయి. మీ అపార్టుమెంటులో కింది అంతస్తు క్రైస్తవ కుటుంబం ఎవరికి ఓటు వేసిందో మీకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. రహస్య బ్యాలెట్ అన్నది రాజ్యాంగం పౌరునికి కట్టిన గర్భగుడి వంటిది. అందులోకి ఓటరు ఒక్కడే వెళతాడు, వెంట అంతరాత్మ మాత్రమే వెళుతుంది.

ఈసారి క్రిస్మస్‌కు వారు కేకు పంపినప్పుడు, ఉగాదికి మీరు పచ్చడి పంపినప్పుడు గడప దగ్గర ఒక్క నిమిషం నిలబడి మాట్లాడండి. ఎవరికి ఓటు వేశారని అడగకండి. పిల్లల చదువులు ఎలా ఉన్నాయో, మంజీర నీళ్లు వస్తున్నాయో లేదో అడగండి. ఆ మాటల్లో మీ ఇద్దరి బాధలూ ఒక్కటే అని తేలితే, రేపు కార్పొరేటర్ దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్లవచ్చు. బలరాముడు తీర్థయాత్ర నుంచి తిరిగి వచ్చేసరికి యుద్ధం ముగింపుకు వచ్చింది, నష్టం జరిగిపోయింది. మన వీధిలో అంత ఆలస్యం కానివ్వకండి.

సర్వే జనాః సుఖినో భవంతు.